అవక్ అంటే నేనా, మనమా

సెప్టెంబరు 2, సోమవారం

చిప్స్ డబ్బా మూత మళ్ళీ ఎవరో సరిగ్గా పెట్టలేదు. కర్రపెండలం చిప్స్ అన్నీ మెత్తబడి చెప్పుతోలులా అయ్యాయి. కొరికితే చప్పుడు లేదు. చప్పుడు లేని చిప్స్ తినడం కంటే నా పళ్ళసెట్టు నేనే నమలడం నయం. ఎవరు చేశారని అడిగితే ఇంట్లో అందరూ నోళ్ళు మూసుకున్నారు. నోరు మూయడం వచ్చినవాళ్ళకి మూత మూయడం రాదు.

నా అనుమానం బావమరిది దాతుక్ మీద. ఈ వంశానికి పెద్ద. తలపాగా చుట్టుకుని ఊరందరి తగువులూ తీరుస్తాడు. డబ్బా మూత మాత్రం తిప్పలేడు.

నా పెళ్ళాం అస్ని ఇవాళ కూడా ఆ ఒక్క మాటే అంది. పక్షవాతం కుడిచెయ్యి పట్టుకుపోయింది, కుడికాలు పట్టుకుపోయింది, మాటలన్నీ మూటగట్టుకుపోయింది. మూటలోంచి ఒక్కటి జారి ఇక్కడ పడింది. అవక్. దాహమైతే అవక్. దోమ కుడితే అవక్. నేను పాట పాడితే అవక్, అది కాస్త గట్టిగా. అలమారా నిండా నవలలు రాసిన మనిషి.

పోను పోను మాటలొస్తాయని డాక్టరు అన్నాడు. "పోను పోను అంటే ఎంత దూరం పోవాలి బాబూ?" అన్నాను. నవ్వలేదు. చదువుకున్నవాళ్ళకి నవ్వు కూడా మందుచీటీ మీద రాసిస్తేనే గానీ రాదు.

నాకేం భయం లేదు.

సెప్టెంబరు 3, మంగళవారం

జావ తాగింది. సగం నా చొక్కా తాగింది.

సెప్టెంబరు 5, గురువారం

జకార్తా నుంచి లారస్ ఫోన్ చేసింది. అస్ని పుస్తకాలు అచ్చువేసే చోట అన్నీ చూసుకునే పిల్ల. జావా పిల్ల. తుమ్మినా ఎదుటివాడి అనుమతి అడిగి తుమ్ముతుంది. నేను ఫోన్‌లో ఏ మీట నొక్కానో ఏమో, ఆ అమ్మాయి గొంతు ఇల్లంతా వినబడింది. మంచం మీద అస్నికి కూడా.

"ఆవిడ ఎలా ఉన్నారండీ?"

"గలగలా మాట్లాడుతోందమ్మా. ఒకటే మాట, గలగలా."

"నవలలో ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది కదండీ. మిగతాదంతా అచ్చుకి సిద్ధం చేసేశాం. ఆ మంచుమనిషి చివరికి ఏమంటుందో తెలియాలి."

మనిషి కాదు, మంచూ కాదు. అస్ని నాకు ఈ కథ చెప్పినప్పుడు నేను నిద్రపోతున్నట్టు నటించాను గానీ విన్నాను. గేదెకొమ్ముల్లా లేచిన కప్పుతో మా ఇళ్ళలాంటి ఇల్లు ఒకటి చుక్కల మధ్య ఎగురుతూ పోతుంటుంది. ఆ ఇల్లు తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి. ఒక లోకంలో దిగుతారు. అక్కడ లోకమంతా పరుచుకుని పొగమంచులాంటి ప్రాణి ఒకటి ఉంటుంది. ఒకటో, వెయ్యో ఎవరికీ తెలియదు. ఈ ఆడాళ్ళ మాటలు విని విని దానికి ఒక్క మాట పట్టుబడుతుంది. అవక్. ఆఖర్న ఇంటి పెద్దావిడ దాన్ని అడుగుతుంది: మేము వెళ్ళిపోతున్నాం, మరి నువ్వో? అది అవక్ అంటుంది. అక్కడిదాకా రాసి అస్ని కిందపడింది. రాసిన మాట మీదే జారిపడ్డట్టు. ఆఖర్న అది అవక్ అంటుందని లారస్‌కి చెప్పాను.

"మీ భాషలో అవక్ అంటే 'నేను' అని కదండీ?" అంది లారస్.

"అవునమ్మా. 'మనం' అని కూడా."

"రెండూ ఎలా అవుతాయండీ? నేను ఉండిపోతాను అంటోందా, మనం వెళ్దాం అంటోందా?"

"మొహం చూసి తెలుసుకోవాలమ్మా."

"పొగమంచుకి మొహం ఉండదు కదండీ."

అప్పుడు ఆ పిల్ల, పాపం ఎంతో మెత్తగా, ఇక్కడొక కుర్ర రచయిత ఉన్నాడు, ఆవిడ పేరు మీదే ఆ అధ్యాయం పూర్తిచేస్తాడు, ఏమంటారు, అంది.

నేను నోరు తెరిచేలోపే చెంచా వచ్చి నా నుదుటికి తగిలింది. అస్ని ఎడమచేత్తో విసిరింది. గురి చూడండి! కుడిచేత్తో కూడా ఎప్పుడూ ఇంత బాగా కొట్టలేదు.

సెప్టెంబరు 7, శనివారం

ఇంట్లో యుద్ధం. మా అమ్మాయి దేస్మా, పంతులమ్మ, బడి నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుని, తోచిన వాక్యం చెబుతుంది. అస్ని చెంచాతో మంచంపట్టె మీద ఒకసారి కొడితే అవును. రెండుసార్లు కొడితే కాదు. ఆగకుండా కొడితే నేను అక్కణ్ణుంచి లేచిపోవాలి.

నేనూ ఒక వాక్యం ఇచ్చాను. "అంతలో మీసాల ముసలాడొకడు వచ్చి ఇంటినీ ఆడాళ్ళనీ కాపాడెను."

పట్టె మీద రెండు. నా వేళ్ళ మీద ఒకటి.

జావ మొత్తం తాగింది. కారం కావాలన్నట్టు పచ్చడి గిన్నె వైపు చూపించింది.

సెప్టెంబరు 14, శనివారం

దేస్మా తల్లి పుస్తకాలన్నీ చదివింది, అందుకని దాని వాక్యాలకి ఒక దెబ్బ పడుతుంది. నేను ఒక్కటీ పూర్తిగా చదవలేదు. ఆరో తరగతి చదివినవాణ్ణి, రాకెట్టులో అంత దూరం పోతే తిరిగి రాలేను. కానీ రాసేటప్పుడు చూసింది నేనే కదా.

ఇంటి ముందున్న వడ్లగాదెలో రాసేది. ఇంట్లో అక్కలు, పిన్నులు, పిల్లలు, మూల మూలా మనుషులే. గాదె ఖాళీ అయ్యాక నిచ్చెన వేసుకుని ఎక్కి టైపు మిషను పెట్టుకుంది. ఊరు వెక్కిరించింది. "సుతాన్, మీ ఆవిడ గాదెలో వడ్లు లేవంట, చుక్కలు నిలవచేస్తోందంట!" సుతాన్ అంటే నేనే, పెళ్ళినాడు అత్తారు ఇచ్చిన బిరుదు. "అవునురా, పురుగు పట్టదు" అనేవాణ్ణి.

మొదటి పుస్తకం మీద అస్ని పేరు కుదించి ఎ. మార్ అని వేశారు. పేరు చూసి మగాడనుకుని రేడియోవాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను కాదనలేదు. వాళ్ళు తెచ్చిన కేకు తినేదాకా కాదనలేదు. అస్ని లోపలి నుంచి వచ్చి, "కేకు తిన్నవాడే రెండోది కూడా రాయాలి" అంది. రేడియోవాళ్ళు ఆవిణ్ణి వంటమనిషి అనుకున్నారు.

మా దగ్గర మగాళ్ళు పరదేశం పోతారు, ఆడాళ్ళు ఇల్లు పట్టుకుని ఉంటారు. తన కథల్లో అది తిరగేసింది. ఆడాళ్ళు చుక్కల్లోకి పోతారు. మగాళ్ళు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తారు. "నన్ను చూసే రాశావు కదూ?" అంటే, "నిన్ను చూసి రాస్తే హాస్యం అయిపోతుంది ఉడా" అనేది.

మొగుణ్ణి పిలిచే పిలుపు అది, ఉడా. నన్నలా పిలిచి ఎన్నాళ్ళయిందో.

సెప్టెంబరు 22, ఆదివారం

అయిపోయింది. ఇంటి పెద్దావిడ అడుగుతుంది, మంచు అవక్ అంటుంది, అంతే. ఇల్లు లేచిందా లేదా కూడా లేదు. దేస్మా "నేను ఉంటాను" అని చూసింది, రెండు దెబ్బలు. "మనం వెళ్దాం" అని చూసింది, రెండు దెబ్బలు. "అవక్ అని ఊరికే వదిలేయనా అమ్మా?" అంది. ఒక్క దెబ్బ. ఎంత గట్టిగా కొట్టిందంటే చెంచా వంగింది.

లారస్‌కి పంపించాం. అలాగే ఉంచుతాం అంది. జావా పిల్ల ఏడ్చినా మెల్లగానే ఏడుస్తుంది.

అందరం సంతోషంగా ఉన్నాం.

అక్టోబరు 1, మంగళవారం

జావ వద్దంది.

అక్టోబరు 4, శుక్రవారం

వద్దంది. వెదురుబొంగులో తోడేసిన గేదెపెరుగు, బెల్లం వేసి తెచ్చాను. ఒకప్పుడు దానికోసం నాతో తగువాడేది. పెదాలు బిగించింది.

అక్టోబరు 8, మంగళవారం

రెండో మాట వచ్చింది! పాయ్. పోవడం. "అవక్ పాయ్" అంది, స్పష్టంగా, నా మొహంలోకి చూసి.

దేస్మా వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అమ్మ పోతానంటోంది నాన్నా."

పంతులమ్మకి సొంత భాష రాదు. అవక్ అంటే నేను ఒక్కటేనా? వెళ్దాం అంటోంది. మంచంలో పడి పడి విసుగెత్తి, ఎక్కడికైనా వెళ్దాం అంటోంది. అంత మాత్రం తెలియకనా ఇన్నేళ్ళు కాపురం చేశాను?

రేపు గుర్రబ్బండి మాట్లాడతాను.

అక్టోబరు 10, గురువారం

బండిలో పాయకుంబు సంత చూపించాను. పొలాలు చూపించాను. సాగో కొండ చూపించాను, మబ్బులో ఉంది, అయినా చూపించాను. మనవరాలు ఉపియాక్ ఒళ్ళో కూర్చుని, "అమ్మమ్మా, అదిగో గుర్రం తోక! అమ్మమ్మా, అదిగో మళ్ళీ తోక!" అంటూనే ఉంది.

తిరిగొచ్చి పడుకోబెట్టగానే, అవక్ పాయ్.

ఇక్కడికి కాదన్నమాట. ఇంకెక్కడికో.

అక్టోబరు 13, ఆదివారం

ఎక్కడికో తట్టింది. మా మగాళ్ళు కూర్చునే కాఫీకొట్టు! పెళ్ళయిన కొత్తలో అడిగేది, అక్కడ రోజంతా ఏం మాట్లాడుకుంటారు మీరు, అని. ఆడమనిషి అక్కడ కూర్చోదు. కిటికీలోంచి తొంగిచూడటం కూడా తప్పే. చుక్కల్లో ఏముందో రాసింది గానీ వీధి చివర కొట్లో ఏముందో చూడలేదు.

చక్రాల కుర్చీలో తోసుకుపోయాను. డొమినోలు ఆడేవాళ్ళు చేతులు గాల్లో ఆపేశారు. ఒకడు సిగరెట్టు ఆర్పాడు, ఇంకొకడు కంగారులో రెండోది వెలిగించాడు.

"సుతాన్! ఇదేం పని?"

"ఏమిరా, నా పెళ్ళాం రాకెట్టులో పోయొచ్చింది, నీ బెంచీ ఎక్కకూడదా?"

కొబ్బరిచిప్పలో కాఫీ ఆకుల కషాయం పెట్టారు. తాగలేదు. పందెంలో ఎవరు మోసం చేస్తారో, ఎవరు పెళ్ళాం చేత తన్నులు తింటారో, అందరి గుట్టూ చెప్పాను. కొట్టంతా పడీ పడీ నవ్వింది. అస్ని బల్ల మీది డొమినోల వైపు చూస్తూ కూర్చుంది. వాటి వెనకాల ఇంకేదో ఉన్నట్టు చూసింది.

దారిలో దాతుక్ ఎదురొచ్చాడు. తలపాగా లేదు, పరిగెత్తుకొచ్చాడు.

"మా అక్కని సంతలో మేకలా తిప్పుతావా సుతాన్?"

"తనే అడిగింది. వెళ్దాం అంది."

"ఏమంది?"

"అవక్ పాయ్ అంది."

ఇంతమంది తగువులు తీర్చినవాడు, నా మొహం చూసి నేల చూశాడు. తర్వాత కుర్చీ తనే తోశాడు ఇంటిదాకా. నాకది నచ్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 20, ఆదివారం

తినలేదు.

అక్టోబరు 21, సోమవారం

నీళ్ళు. అంతే. ఎముకలు లెక్కపెట్టొచ్చు, నేను లెక్కపెట్టను.

అక్టోబరు 27, ఆదివారం

వెక్కిరించి చూశాను. నీ పుస్తకాలకంటే వారపత్రికలో వంటల పేజీ నయం అన్నాను. నీ ఇల్లు చుక్కల్లో ఎగిరితే మరుగుదొడ్డి ఎక్కడ పెట్టావే అన్నాను. ఒకప్పుడు ఇందులో సగానికే చీపురు వచ్చేది. జావలో ఉప్పు ఎక్కువేశాను, కావాలని. రేడియోవాళ్ళ కేకు సంగతి ఎత్తాను. రెండో పెళ్ళి చేసుకుంటానన్నాను. ఉపియాక్ నవ్వింది. అస్ని పైకప్పు చూస్తోంది. చెంచా చేతికి ఇస్తే పట్టుకోలేదు, జారి కిందపడింది. నేనే తీశాను, కడిగాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది.

నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. మనిషిని కదిలించడం. దానికీ కదలని మనిషిని ఏం చేయాలి?

ఇంకా కొన్ని మాటలున్నాయి నా దగ్గర. వెతకాలి.

నవంబరు 4, సోమవారం

మా చెల్లెలి కొడుకు ఎద్వార్ వచ్చాడు. అరుగు మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. చేతిలో అరటిపళ్ళు. ఎవరూ చావకుండా వాడు అరటిపళ్ళు కొనడు.

"మామా, అమ్మ మీకోసం మంచం వేయించింది. వెనక గదిలో. గాలొస్తుంది."

"ఎవరికి కావాల్రా గాలి?"

"అంటే... ముందుగా సిద్ధం చేసుకుంటే మంచిదని."

మొగుడంటే మా ఊళ్ళో మొద్దు మీద బూడిద. ఇల్లు పెళ్ళానిది. మొద్దు పోయిందా, బూడిదని మంచి మాటలు చెప్పి తీసుకుపోతారు అక్కచెల్లెళ్ళు. నాకు తెలియదా? తెలిసే వచ్చాను పెళ్ళికి. ముందే మంచం వేస్తారా? అరటిపళ్ళు కోడికి వేశాను. "గాలొస్తుందంట! మీ అమ్మనే పడుకోమను!" అని వీధి చివరిదాకా తరిమాను. తర్వాత అరుగు మీద కూర్చుంటే లేవడం చేతకాలేదు. దేస్మా వచ్చి చెయ్యందించింది.

నవంబరు 9, శనివారం

దాతుక్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"సుతాన్, అమ్మ సమాధి పక్కన చోటుంది. అక్కకి అక్కడైతే..."

"నీకూ అక్కడే చోటుంది, ముందు నువ్వు పడుకుని చూడు."

కోప్పడలేదు. "చిన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పింది తనే" అన్నాడు. "తప్పు రాస్తే చెవి మెలేసేది." చెవి పట్టుకుని చూసుకున్నాడు, ఇంకా నొప్పిగా ఉన్నట్టు.

నేను నవ్వించే మాట ఒకటి అనబోయాను. దొరకలేదు. ముసలాళ్ళం ఇద్దరం అలాగే కూర్చున్నాం.

అవక్ పాయ్ అని ఇవాళ కూడా అంది. గొంతు సన్నబడింది. దేస్మా నన్ను చూస్తోంది. వెళ్దాం అనే అంటోంది, నేను దేస్మాకి చెప్పాను. వెళ్దాం అంటే ఇద్దరం అని కదా. మరి నాకు ఆకలేస్తోందేం? నేను మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. సిగ్గులేని కడుపు.

నవంబరు 11, సోమవారం

తినలేదు.

నవంబరు 12, మంగళవారం

భయంగా ఉంది.

నవంబరు 18, సోమవారం

పుస్తకం వచ్చింది. దేస్మా బడికి పోయింది, పార్సిలు నేనే తీసుకున్నాను. అరుగు మీదే విప్పాను. ఆఖరి పేజీ తిరగేశాను. ఆఖరి మాట తప్పు పడింది! అవక్ అని ఉండాల్సిన చోట 'నేను' అని వేశారు. జకార్తావాళ్ళు! సొంత తెలివి!

అస్నికి చెప్పకూడదనుకున్నాను. కానీ నా మొహం ఏదీ దాచుకోలేదు కదా.

"అస్నీ, పుస్తకం వచ్చింది" అన్నాను. కళ్ళు తిప్పలేదు. "ఆఖరి మాట మార్చేశారు. 'నేను' అని వేశారు."

కళ్ళు నావైపు తిరిగాయి.

"పోనీలే. నేను అన్నా అదే, అవక్ అన్నా అదే" అన్నాను. "నాకూ అదే బాగుందనిపించింది."

"కా..." అంది. "కా... దు."

మూడో మాట!

"కాదు! కాదు! అవక్!" ఎడమచెయ్యి చెంచా కోసం వెతికింది. నేను అందించాను, తల వంచి మరీ దగ్గరికి జరిగాను, పనిలో పనిగా అందుతుందని. ఠంగుమని తగిలింది. పుస్తకం చూపించమని సైగ చేసింది. కోపం పట్టలేక చింపి పొయ్యిలో పడేశానన్నాను. దానికి ఇంకో దెబ్బ.

సాయంత్రం జావ తాగింది. కొట్టడానికి బలం కావాలి మరి.

నవంబరు 20, బుధవారం

లారస్‌కి ఉత్తరం రాయిస్తోంది, దెబ్బలతో. దేస్మా "దయచేసి" అని మొదలుపెడితే రెండు దెబ్బలు. "సిగ్గు లేదా" అంటే ఒక దెబ్బ. ఉపియాక్ పక్కన గిన్నె వాయిస్తోంది. దాతుక్ తలపాగా చుట్టుకుని వచ్చాడు, వంశం తరఫున జకార్తా వెళ్ళి నిలదీస్తాడంట. "ముందు చిప్స్ డబ్బా మూత పెట్టడం నేర్చుకో" అన్నాను.

అన్నం మెతుకులు తింది. చేపముక్క, ముల్లు తీసి పెడితే తింది. "ఉ" అంది నన్ను చూసి. ఉడా అనబోయిందో, ఉప్పు అనబోయిందో. ఉప్పు అందించాను, తోసేసింది.

నవంబరు 24, ఆదివారం

ఇది రాయకపోతే కడుపు ఉబ్బి చస్తాను. ఇన్నాళ్ళూ ఇక్కడ కూడా రాయలేదు. రాస్తే నేను నమ్మడం మానేస్తాను, నేను నమ్మకపోతే నా మొహం చూసి అస్ని పట్టేస్తుంది.

తప్పేమీ పడలేదు. ఎవరూ ఏమీ మార్చలేదు. చింపలేదు, పొయ్యిలో వెయ్యలేదు. పుస్తకం నా కొత్తచెప్పుల అట్టపెట్టెలో ఉంది, నా మంచం కింద.

ఇవాళ లారస్ ఫోన్ చేసింది. తిట్ల ఉత్తరం అందింది, పాపం వణికిపోతోంది. "ప్రతి కాపీ చూశానండీ, తప్పు ఎక్కడా లేదు. మీకు వచ్చింది ఒకసారి పంపిస్తారా?" ఫోను పట్టుకుని చేపల చెరువు గట్టుకి పోయాను. ఈసారి మీటలేవీ నొక్కలేదు. అంతా చెప్పాను.

"కోపం వచ్చిందా అమ్మా?"

"ఆవిడ తింటున్నారా అండీ?"

"నాలుగు రోజుల్నుంచి అన్నం. నిన్న నా వాటా చేప కూడా."

"సరిచేసి మళ్ళీ అచ్చు వేస్తామని రాస్తాను" అంది, ఎప్పటిలా మెత్తగా. "కానీ మా ప్రెస్సు చాలా నెమ్మదండీ. కాగితం కొరత. వానలొకటి."

"తొందరేం లేదు తల్లీ" అన్నాను.

అందరూ తినడానికి కూర్చున్నప్పుడు తలుపేసి పెట్టె తీశాను. ఆఖరి పేజీ తెరిచి కళ్ళజోడు పెట్టుకుని, పెట్టుకోకుండా, దూరంగా, దగ్గరగా చూశాను. అవక్. ఒక్క చుక్క అటూ ఇటూ పోలేదు. ఎంత శుభ్రంగా వేసి చచ్చారో దొంగవెధవలు.